పువ్వు వచ్చిన దారిలో

బతుకమ్మ రోజులు వచ్చాయంటే ఉప్పల్ రింగురోడ్డు రంగు మారుతుంది. వరంగల్ బస్సులు ఆగే వైపు ఫుట్‌పాత్ పొడవునా గోనెసంచులు పరిచి తంగేడు, గునుగు కుప్పలు పోస్తారు. పక్కనే బంతి, చామంతి, కట్లపూలు, సీతజడలు. గుమ్మడి ఆకులు తడిగుడ్డలో చుట్టి వేరే పెడతారు. అమ్మేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. బీబీనగర్ అవతలి నుంచో, భువనగిరి, ఆలేరు వైపు పల్లెల నుంచో తెల్లవారుజామున మొదటి బస్సుకు మూటలెత్తుకుని వస్తారు. ఎండ ముదిరేకొద్దీ పువ్వు వాడిపోకుండా చెంబుతో నీళ్లు చిలకరిస్తూ కూర్చుంటారు. నాచారం, హబ్సిగూడ, చిలుకానగర్, రామంతాపూర్ ఇళ్లలో పేర్చే బతుకమ్మలకు చాలావరకు పువ్వు ఇక్కడి నుంచే వెళ్తుంది.

నాచారంలో పుట్టిన పిల్లలకు తంగేడంటే ఈ సంచిలోంచి వచ్చేదే. మా పాప నాలుగేళ్లప్పుడు ఆ కుప్పల ముందు నిలబడి, "నాయనమ్మా, ఇవి ఏ కంపెనీల తయారు చేస్తరు?" అని అడిగింది. మా వీధి చివర పారిశ్రామికవాడ. పొద్దున సైరన్, సాయంత్రం సైరన్. బిస్కెట్లు, మందులు, అట్టపెట్టెలు, ఇనుప సామాను, అన్నీ కంపెనీ గేట్లలోంచి లారీల మీద బయటికి రావడమే ఆ పిల్ల చూసింది. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. జవాబు చెప్పి ఊరుకుంటే సరిపోదనిపించింది అత్తమ్మకు. "సెలవులే కదా, తీస్కపోయి చూపెడదాం" అంది. అలా మొదలైంది మా ఇంటి బతుకమ్మ ప్రయాణం. ఇప్పుడది పండగలో ఒక భాగం.

రోజు కూడా అత్తమ్మే ఎంచింది. తొమ్మిది రోజుల బతుకమ్మలో రోజుకొక పేరు, రోజుకొక నైవేద్యం. ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు వరసగా సాగుతాయి. ఆరో రోజు మాత్రం అలిగిన బతుకమ్మ. ఆ రోజు అమ్మవారు అలిగిందని బతుకమ్మను పేర్చరు, నైవేద్యం పెట్టరు. ఆడవాళ్లకు పండగ నడుమ దొరికే ఖాళీ రోజు అదొక్కటే. మర్నాడు వేపకాయల బతుకమ్మ, ఆపైన వెన్నముద్దలు, చివరికి సద్దులు. ఖాళీ రోజున పువ్వు ఉన్న చోటికి వెళ్లి, మిగిలిన మూడు రోజులకు సరిపడా కోసుకుని రావాలన్నది అత్తమ్మ లెక్క. అందులో ఇంకో సదుపాయం ఉంది. తెలంగాణ బడులకు దసరా సెలవులు రెండు వారాలకు దగ్గరగా ఉంటాయి కాబట్టి పిల్లల చదువు సంగతి ఆలోచించే పని లేదు.

చిన్నపిల్లలతో వెళ్లే ప్రయాణానికి రెండు గంటల దూరమే సరైన దూరమని నా గట్టి నమ్మకం. మా పక్కింటివాళ్లది రాజమండ్రి దగ్గర. సంక్రాంతికి నెలల ముందే టికెట్లు తీసి రాత్రంతా రైల్లో వెళ్తారు. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక వాళ్లకు కాస్త తెరిపి వచ్చింది. అయినా ఒళ్లో చంటిపిల్లతో పండగ రైలెక్కడం ఎంత కష్టమో ఆ తల్లి ముఖం చూస్తే తెలుస్తుంది. ఊరు అంత దూరమైతే తప్పదు మరి. కానీ దగ్గర్లోనే పల్లె, చేను, గుట్ట ఉన్నవాళ్లు కూడా సెలవులనగానే విమానం టికెట్లే వెతుకుతున్నారు. మూడేళ్ల పిల్లవాడికి గోవా అయినా బీబీనగర్ అయినా ఒకటే. వాడికి కావలసింది దిగి నడవడానికి మట్టి, ఆకలేసినప్పుడు అన్నం, నిద్రొచ్చినప్పుడు నీడ. ఆ మూడూ ఉప్పల్ నుంచి గంటన్నరలో దొరుకుతాయి.

సంచి ముందురోజు రాత్రే సర్దుతాం. రొట్టె నలిపి బెల్లం, పల్లీలు, నువ్వులు కలిపి కట్టిన మలీద ముద్దలు, అడుగు బాగా ఎర్రగా కాలిన సర్వపిండి, పిల్లలకు పెరుగన్నం, నీళ్ల సీసాలు. వీటన్నిటికంటే ముఖ్యమైంది ఒక పాత నూలుచీర. ఎండలో గొడుగు, చేన్లో చాప, చెట్టుకు కడితే ఉయ్యాల, తిరిగి వచ్చేటప్పుడు పూల మూట, అన్నీ అదే.

నాచారం నుంచి హబ్సిగూడ దాకా ఆటో, అక్కణ్నుంచి ఉప్పల్‌కు మెట్రో. ఎన్‌జీఆర్‌ఐ, స్టేడియం, తర్వాత ఉప్పల్. మూడంటే మూడు స్టేషన్లు. నేరుగా ఆటోలోనే పోవచ్చు. కానీ పిల్లలకు ఈ మూడు స్టేషన్లే ఒక ప్రయాణం. 2017 నవంబరులో ఈ మెట్రో నడవడం మొదలైనప్పుడు ఊరి పెద్దలు కూడా పనిలేకున్నా నాగోలు దాకా వెళ్లి తిరిగొచ్చేవాళ్లు. కిటికీలోంచి క్రికెట్ స్టేడియం లైట్ల స్తంభాలు కనిపించగానే మా బాబు చప్పట్లు కొడతాడు. ఎన్‌జీఆర్‌ఐ అంటే ఏమిటని పాప అడిగితే వాళ్ల నాన్న, "భూమి లోపల ఏముందో చూసే సైంటిస్టులు ఉండే చోటు" అని చెప్పాడు. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఈ బండరాళ్లు సుమారు రెండు వందల యాభై కోట్ల ఏళ్ల నాటివని కూడా చెప్పాడు. "మరి నాయనమ్మ కంటే పెద్దవా?" అంది పాప. పక్క సీటావిడ నవ్వింది, అత్తమ్మా నవ్వింది.

ఉప్పల్‌లో దిగాక ఆకాశ వంతెన ఎక్కాలి. 2023 జూన్‌లో తెరిచారు, దాదాపు 660 మీటర్ల చుట్టు. నాగోలు రోడ్డు, రామంతాపూర్ రోడ్డు, వరంగల్ బస్టాప్, మెట్రో స్టేషన్, అన్నిటినీ కలుపుతుంది. అది రాకముందు చంటిపిల్లని చంకనేసుకుని ఆ కూడలి దాటడమంటే ప్రాణం అరచేతిలో పెట్టుకోవడమే. నాలుగు వైపుల నుంచి లారీలు, బస్సులు, ఆటోలు. ఇప్పుడు లిఫ్టులో పైకెక్కి పిల్లల చేయి పట్టుకుని నింపాదిగా నడవచ్చు. పై నుంచి చూస్తే రింగురోడ్డు మీద తంగేడు కుప్పలు పసుపు ముద్దల్లా కనిపిస్తాయి. పిల్లలను కాసేపు అక్కడ ఆపి ఆ పసుపును, అది వచ్చిన రోడ్డును చూపిస్తాం. అదే వరంగల్ రోడ్డు, ఈ రోజు మనం పోబోయేది దాని మీదే అని చెప్తాం.

పండగ రోజుల్లో వరంగల్ వైపు బస్సుల్లో ఎక్కువ కనిపించేది తల్లిగారింటికి పోయే ఆడపడుచులే. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. వెనకట అల్లుడు చార్జీలు లెక్కేసుకుని ఈ ఏడాది వద్దులే అంటే ఆగిపోయిన ఆడబిడ్డలు ఇప్పుడు పిల్లల్ని వెంటేసుకుని తామే బయల్దేరుతున్నారు. కండక్టరు మా పాపకు కూడా విడిగా జీరో టికెట్ కొట్టి ఇచ్చింది. తన పేరు మీద దొరికిన మొదటి ప్రభుత్వ కాగితం అన్నంత జాగ్రత్తగా పాప దాన్ని మడిచి జేబులో పెట్టుకుంది. బాబుకు ఐదేళ్లు నిండలేదు కనుక వాడికీ చార్జీ లేదు. మొత్తం కుటుంబంలో డబ్బు కట్టింది మా ఆయన ఒక్కడే.

బస్సు ఉప్పల్ దాటి మేడిపల్లి మీదుగా నారపల్లి చేరేదాకా నడక వేగమే. ఉప్పల్ నుంచి నారపల్లి వరకు పైవంతెన పనులు 2018లో మొదలయ్యాయి. ఏళ్లు గడిచినా ఆ స్తంభాల నడుమ దుమ్ములోంచే ఊరు రాకపోకలు సాగించింది. ఆ నిదానంలో అత్తమ్మకు పాతరోజులు గుర్తొస్తాయి.

"అప్పట్ల ఉప్పల్ దాటినమంటే చాలు బిడ్డా, బోడుప్పల్ కాడికెళ్లే తంగేడు. బస్సు దిగి కొంగుల కోసుకునేది. ఎవలు అడిగేటోళ్లు?"

ఆమె పెళ్లై వచ్చినప్పుడు ఉప్పల్ హైదరాబాద్‌లో కలవలేదు. 2007లో చుట్టుపక్కల మున్సిపాలిటీలను కలిపి గ్రేటర్ చేసినప్పుడు ఉప్పల్ కలాన్ కూడా అందులో చేరింది. ఆ తర్వాత తంగేడు ఈ రోడ్డు వెంట వెనక్కి జరుగుతూ పోయింది. ముందు బోడుప్పల్ నుంచి, తర్వాత మేడిపల్లి నుంచి, తర్వాత ఘట్‌కేసర్ నుంచి. తంగేడు పెరిగేది బీడు భూమిలో, రాతినేలలో, రోడ్డు వార. మనిషి నీళ్లు పోయడు, ఎరువు వేయడు. బీడు భూమి ప్లాటుగా మారి చుట్టూ కడీలు పాతగానే మొదట పోయేది ఆ మొక్కే. తెలంగాణ రాష్ట్రపుష్పంగా దానికి గౌరవం ఉంది, నిలబడడానికి నేలే తగ్గిపోతోంది. ఔటర్ రింగురోడ్డు దాటాక కూడా వెంచర్ల రంగు జెండాలు మైళ్ల కొద్దీ కనిపిస్తాయి. బీబీనగర్ దాటాకే కిటికీలో మొదటి తంగేడు పొద కనిపించింది. "అగో! పూలు!" అని పాప అరిచిన అరుపుకు ముందు సీట్లవాళ్లు కూడా వెనక్కి తిరిగారు.

రాయగిరి చెరువు దగ్గర దిగి లోపలికి ఆటోలో వెళ్తే మా చిన్నత్తమ్మ వాళ్ల చేను. అత్తమ్మకు స్వయానా చెల్లెలు. పత్తి చేను, పక్కన కొంచెం వరి, గట్టున వేపచెట్టు. ఆటో దిగీ దిగకముందే ఆమె బాబును ఎత్తుకుంది. "వచ్చిండ్రా నా బంగారాలు! కాళ్లు కడుక్కోండ్రి, పచ్చిపులుసు చేసిన."

ముందు పువ్వు దగ్గరికే పోదామని పాప పట్టుబట్టింది.

గునుగు గట్టు పొడవునా ఉంది. నడుమెత్తు మొక్క, కొమ్మకొమ్మకు నిటారుగా కంకిలాంటి పువ్వు. కింద వెండి తెలుపు, కొనకు వచ్చేసరికి లేత గులాబి. ఉప్పల్లో కట్టగట్టి అమ్మేటప్పుడు కనిపించనిది ఒకటి ఇక్కడ కనిపించింది. ముదిరిన కంకిని చిన్నత్తమ్మ పాప అరచేతి మీద మెల్లగా నలిపింది. ఆవగింజ కంటే చిన్నవి, నల్లగా నిగనిగలాడే గింజలు రాలాయి. "గిదే దాని ఇత్తనం. మనం ఏసేది లేదు. గాలికి రాలి అదే మొలుస్తది." పాప ఆ గింజల్ని ఊదేసింది, మళ్లీ ఇంకో కంకి నలిపింది. బాబు తనకూ కావాలని చేయి చాపాడు. చాలాసేపు ఇద్దరికీ అదే ఆట. ఎవరూ తొందర పెట్టలేదు. ఈ ప్రయాణంలో మేం పెట్టుకున్న నియమం అదొక్కటే, పిల్లలు ఆగిన చోట పెద్దలూ ఆగాలి.

చేను లోపల మాత్రం గునుగు లేదు. నేను అడిగితే చిన్నత్తమ్మ చెప్పింది.

"కలుపు మందు కొట్టినకాంచి చేన్ల పూస్తలేదు బిడ్డా. వెనకట జొన్నచేన్ల నిండ ఇదే ఉండేది. కలుపు తీసుకుంట పూలు కోసుకునేది. ఇప్పుడు కూలోళ్లు దొరుకుతలేరు, మందు కొట్టక తప్పదాయె. గని గట్టు మీద కొట్టద్దని మా పిల్లగానికి గట్టిగ చెప్పిన. బతుకమ్మకు పువ్వుండాలె కదా."

ఆ మాట నన్ను కదిలించింది. బతుకమ్మ మనకు రాష్ట్ర పండగ అయింది 2014లో. స్టేడియాల్లో వేలమంది ఆడడం చూశాం. లండన్, డల్లాస్, సిడ్నీలలో తంగేడు దొరక్క చామంతులతో పేర్చి ఆడుతున్న ఆడపడుచులనూ చూస్తున్నాం. వీళ్లందరి పండగా ఆఖరికి ఒక రైతు ఇల్లాలు మందు కొట్టనివ్వకుండా కాపాడిన గట్టు మీద నిలబడి ఉంది. ఆమెకు ఎవరూ సన్మానం చేయరు. పిల్లలకు నేను చూపించాలనుకున్నది సరిగ్గా ఈ గట్టునే.

పిల్లలు గునుగు ఒక్కొక్క కంకే గిల్లారు. పెద్దలం కొడవలితో కోశాం. తంగేడు బీట్లో, చేను అవతల రాళ్ల మధ్య ఉంది. కొమ్మ విరవకుండా పూలగుత్తి వరకే తుంచాలని అత్తమ్మ నేర్పింది. తంగేడు పట్టతో తోళ్లు పదును చేసేవారని, దాని పూలు ఎండబెట్టి కషాయం కాస్తారని ఆమె చెబుతుంటే పాప పట్టను గోటితో గీకి వాసన చూసింది. మధ్యాహ్నానికి వేపకొమ్మకు చీర కట్టి బాబును పడుకోబెట్టాం. పచ్చిపులుసు, సర్వపిండి తిన్నాం. మలీద ముద్దలు చిన్నత్తమ్మ ఇంటికి ఇచ్చేశాం, ఆమె ఒక గుమ్మడికాయ ఇచ్చింది.

తిరిగి రోడ్డు మీదికి వస్తుంటే కరెంటు తీగ మీద పాలపిట్ట కనిపించింది. వాలి ఉన్నప్పుడు గోధుమరంగు మామూలు పిట్టే. ఒక్కసారి రెక్క విప్పి చేనులోకి దూకింది. నీలం రంగులు రెండు, లేతదీ ముదురుదీ, తళుక్కుమన్నాయి. ఏదో పురుగు ముక్కున కరుచుకుని మళ్లీ తీగ మీదికే వచ్చింది. బాబు నోరు తెరుచుకుని చూశాడు. దసరా నాడు పాలపిట్టను చూడాలన్నది మన ఆచారం. అది మన రాష్ట్రపక్షి కూడా. నగరంలో ఆ ఆచారాన్ని కొందరు వ్యాపారం చేశారు. పిట్టను పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి వీధివీధికీ తెచ్చి చూపించి డబ్బులడుగుతారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. అంతకు మించి, నీలమంతా రెక్కలోనే దాచుకున్న పిట్టను రెక్క విప్పనివ్వకుండా చూపిస్తే పిల్లలు చూసేదేమిటి? అత్తమ్మ చేతులు జోడించి, "దసరాకు ముందే కనపడ్డది, మంచిదే" అంది.

దగ్గర్లోనే యాదగిరిగుట్ట. బాబు పుట్టువెంట్రుకలు అక్కడే తీయించాం. మేనమామ ఒడిలో కూర్చోబెడితే మొదటి కత్తెర పడగానే ఏడుపు, అయిపోయాక బోడిగుండు తడుముకుని నవ్వు. ఐదు రూపాల నరసింహుడు వెలసిన గుహ చుట్టూ కృష్ణశిలతో కట్టిన కొత్త గుడి 2022 మార్చి 28న తెరుచుకుంది. ఉప్పల్, నాచారం ఇళ్లలో పెళ్లి, పుట్టువెంట్రుకలు, కొత్త బండి, ఏ శుభం జరిగినా ముందు గుట్టకే పోతారు. అయితే ఈ రోజు మేం పైకి వెళ్లలేదు, కింది నుంచే దండం పెట్టుకున్నాం. పిల్లలు అలిసిపోయాక క్యూలో నిలబెట్టడం దేవుడికీ ఇష్టం ఉండదని అత్తమ్మ మాట. రోజుకొకటే చూడాలి. రెండోది పెట్టుకున్నామా, మొదటిదాని గుర్తు చెరిగిపోతుంది.

భువనగిరి గుట్టను కూడా బస్సులోంచే చూపించాం. ఐదు వందల అడుగులకు పైగా లేచిన ఒంటి రాతి కొండ, నెత్తిన కోట. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీద వెలసిన ఊరు అది. పాపకు రాజుల కథ పట్టలేదు. మాలావత్ పూర్ణ కథ చెప్పాను. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, ప్రభుత్వ గురుకులంలో చదువుకుంది, ఈ బండ మీదే ఎక్కడం నేర్చుకుంది, 2014 మే 25న పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. పాప కొండను మళ్లీ ఒకసారి చూసింది. "నేను పెద్దయినంక ఎక్కుత" అంది. వచ్చే ఎండాకాలం కాకుండా చలికాలంలో, కాళ్లకు కాస్త బలమొచ్చాక ఎక్కిస్తామని మాటిచ్చాం.

ఇంకో సెలవులో పోచంపల్లి వెళ్లాలని ఉంది. 1951 ఏప్రిల్ 18న వినోబా అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు దానమిచ్చిన ఊరు. మగ్గం మీద రంగు నూలు నమూనాగా మారడం పిల్లలు కళ్లారా చూడాలి. అదీ ఈ వైపే.

ఉప్పల్ చేరేసరికి దీపాలు వెలిగాయి. రింగురోడ్డు మీద పొద్దుటి ఆడవాళ్లు మిగిలిన పువ్వును సగం ధరకు ఇస్తున్నారు. మా దగ్గర మూటెడు పూలున్నాయి కాబట్టి మాకు అవసరం లేదు. అయినా పాప ఒక పెద్దామె ముందు ఆగి, "మీది ఏ ఊరు?" అని అడిగింది. ఆలేరు దగ్గరి ఊరి పేరు చెప్పిందామె. "మేం గా దిక్కే పోయొచ్చినం!" అంది పాప, చుట్టాన్ని చూసినట్టుగా. ఆమె ఒక సీతజడ తీసి పాప చేతిలో పెట్టింది, డబ్బులిస్తే తీసుకోలేదు.

ఇంటికొచ్చాక తంగేడు తడిబట్టలో చుట్టి పెట్టాం. అది ఎక్కువ రోజులు ఆగదు, మర్నాడు వేపకాయల బతుకమ్మకే వాడేయాలి. గునుగు మాత్రం సద్దుల దాకా చెక్కుచెదరదు. కాడలు సమానంగా కత్తిరించి, చిన్న చిన్న కట్టలు కట్టి, కొనలు రంగునీళ్లలో ముంచి బాల్కనీలో ఆరబెట్టే పని పిల్లలదే. రెండ్రోజుల పాటు వేళ్లకు రంగు పోదు. సద్దుల నాడు నాచారం చెరువు దగ్గర మా పాప తన బతుకమ్మను చూపించి తోటి పిల్లలకు గింజ సంగతి, గట్టు సంగతి, చిన్న నాయనమ్మ సంగతి చెబుతోంది. కంపెనీ మాట మళ్లీ రాలేదు.

వచ్చే బతుకమ్మకు మీ ఇంట్లో పిల్లలుంటే అలిగిన రోజున ఉప్పల్‌కు రండి. ఏడు గంటల లోపు బస్సెక్కితే ఎండకు ముందే చేరతారు. పల్లెలో చుట్టాలు లేకపోయినా ఫర్వాలేదు, రైతును అడిగి కోసుకోండి, ఎవరూ కాదనరు. మొక్కను వేరుతో పీకొద్దు, కొమ్మ విరవొద్దు, కొన్ని కంకులు గింజకు వదిలేయండి. రింగురోడ్డు మీద అమ్మే తల్లుల దగ్గర బేరమాడకండి. పంజరంలో పాలపిట్టను తెచ్చి చూపించేవాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.